గునుంగ్ కిదుల్ మెట్టపల్లెల్లో భూమి కథ



ఇండోనేషియా అనగానే మనలో చాలామందికి బాలిద్వీపం, బొరొబుదూరు స్తూపం, తోలుబొమ్మల రామాయణం గుర్తుకు వస్తాయి. ఈనాటి ప్రసంగం వాటిని గురించి కాదు. జావాద్వీపంలో యాత్రికులు చాలాకాలం తొంగిచూడని ఒక మెట్టప్రాంతం ఉంది. అక్కడి పల్లెలో ఒక రైతు కుటుంబానికి గుప్పెడు నేల ఎలా దక్కింది, దక్కింది ఎంతవరకు నిలుస్తుంది అన్నదే విషయం. ఎక్కడో సముద్రాల ఆవలి పల్లె మనకెందుకు అని అనుకోకండి. బళ్ళారి, హోసూరు, నాందేడు, బరంపురం ప్రాంతాల్లో తరతరాలుగా సేద్యం చేసుకుంటున్న తెలుగువారికి ఈ కథలో తెలిసిన ముఖాలు కొన్ని ఎదురవుతాయి.

ఆ ప్రాంతం పేరు గునుంగ్ కిదుల్. జావా భాషలో దక్షిణపు కొండలు అని అర్థం. యోగ్యకర్త నగరానికి ఆగ్నేయంగా ఉంటుంది. జిల్లా కేంద్రమైన వొనోసారి పట్నం నగరానికి దాదాపు 40 కిలోమీటర్లు. అందులో 'వొనో' మన వనం, 'సారి' మన సారం. పల్లెను ఇండోనేషియా భాషలో 'దేశ' అంటారు. పల్లెపెద్ద 'కపాల దేశ', నేల 'బూమి', ఆస్తి 'హర్త', అంటే మన అర్థమే. చెరువును 'తెలగ' అంటారు, అది సంస్కృత తడాగం. మాట ఒకటే అయినా బతుకు ఒకటే కావాలని లేదనుకోండి.

జిల్లా విస్తీర్ణం 1,485 చదరపు కిలోమీటర్లు. యోగ్యకర్త ప్రత్యేక ప్రాంతంలో దాదాపు సగం ఇదే. 2020 జనాభా లెక్కల ప్రకారం 7 లక్షల 47 వేల మంది ఉన్నారు. దక్షిణ భాగమంతా బోర్లించిన గిన్నెల్లాంటి సున్నపురాతి గుట్టలు. 'గునుంగ్ సేవు', అంటే వేయికొండలు అని పిలుస్తారు. వాన తక్కువ అనడానికి వీల్లేదు. అనంతపురం, బళ్ళారి వాసులు అసూయపడేంత వాన కురుస్తుంది. కాని కురిసిన నీరు కురిసినట్టే రాతి పగుళ్ళలోకి దిగిపోయి, పాతాళంలో నదులై పారి సముద్రంలో కలుస్తుంది. పైన మిగిలేది పలచని ఎర్రమన్ను. ఎండాకాలం వచ్చేసరికి తెలగలు అడుగంటుతాయి. తాగేనీళ్ళు లారీ ట్యాంకుల్లో కొనుక్కోవాలి. ఆ నీళ్ళ కోసం మేకను అమ్ముకునే ఇళ్ళు నిన్నమొన్నటి దాకా ఉన్నాయి.

నీరు నిలవని చోట మాగాణి తక్కువ. తొలకరికి మెట్టవరి, మొక్కజొన్న, వేరుశనగ, కర్రపెండలం ఒకే చేలో కలిపి వేస్తారు. వరి, జొన్న ముందు చేతికొస్తాయి. కర్రపెండలం చివరివరకు భూమిలో ఉంటుంది. దాన్ని చెక్కుతీసి, ఎండబెట్టి, 'గాప్లెక్' అనే వరుగు చేసి నిలవ పెట్టుకుంటారు. ఆ వరుగు పిండిని ఆవిరిమీద ఉడికిస్తే 'తివుల్' అనే అన్నం. ఒకప్పుడు ఏడాదిలో ఎక్కువ నెలలు ఇదే తిండి. మన వైపు సంకటి, అంబలి తినేవారిని వరి తినేవారు ఎలా చూసేవారో, జావాలో తివుల్ తినేవారిని అలాగే చూసేవారు. నేడు అదే తివుల్ పట్నపు అంగళ్ళలో బెల్లం కలిపి పలహారంగా అమ్ముతున్నారు!

ఇక భూమి సంగతికి వద్దాం. 1755లో గియాంతి ఒప్పందంతో మతారామ్ రాజ్యం రెండుగా చీలి సురకర్త, యోగ్యకర్త రాజ్యాలు ఏర్పడ్డాయి. ఆ తరువాత అరవై ఏళ్ళలోపే మన ప్రాంతానికీ జావాకూ ఒక విచిత్రమైన ముడి పడింది. 1811లో ఆంగ్లేయులు డచ్చివారినుంచి జావాను గెలుచుకున్నారు. ఆ దండయాత్రలో ముఖ్య ఇంజనీరుగా వెళ్ళినవాడు మరెవరో కాదు, మన గ్రామ కైఫీయతులు సేకరించిన కాలిన్ మెకంజీ దొర. కావలి సోదరుల సాయంతో ఇక్కడ ఊరూరా చరిత్ర రాయించిన మనిషే 1812లో యోగ్యకర్త రాజకోట ముట్టడిలోనూ ఉన్నాడు. జావాలో భూమి ఎవరిది, ఎవరు దున్నుతారు, ఎవరు పన్ను కడతారు అన్నది విచారించే సంఘానికి అధ్యక్షుడూ ఆయనే. లెఫ్టినెంట్ గవర్నరు రాఫిల్సు ఆ విచారణ ఆధారంగా, 1814లో రైతుతో నేరుగా శిస్తు ఒప్పందం చేసుకునే పద్ధతికి పూనుకున్నాడు. ఇది మద్రాసు రాజధానిలోని రైతువారీకి దగ్గర చుట్టం. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు దత్తమండలాల్లో 1800 నుంచి 1807 వరకు మన్రో దొర స్థిరపరచిన పద్ధతి అదే. మాగాణికి పంటలో సగం, ఐదింట రెండు వంతులు, మూడోవంతు అని నేల తరాన్ని బట్టి శిస్తు నిర్ణయించారు. కాని మన్రోకు దొరికిన ఏడేళ్ళు, సర్వే సిబ్బంది రాఫిల్సుకు దొరకలేదు. 1816లో జావా మళ్ళీ డచ్చివారి చేతికి వెళ్ళింది. వారు ఊరు మొత్తానికి ఒక లెక్క కట్టి, ఊరిపెద్ద నెత్తిన వేశారు. 1830 నుంచి వాన్ డెన్ బాష్ అనే గవర్నరు జనరలు ఊరి నేలలో ఐదోవంతు చెరుకు, నీలిమందు వంటి ఎగుమతి పంటలకు వదలాలన్నాడు. కాగితం మీద ఐదోవంతే, ఆచరణలో అంతకు మించి సాగిన ఊళ్ళు ఎన్నో.

అయితే ఈ మార్పులేవీ గునుంగ్ కిదుల్‌ను నేరుగా తాకలేదు. అది రాజుగారి సొంత రాజ్యం. హైదరాబాదు సంస్థానంలో దివానీ గ్రామాలకూ జాగీరు గ్రామాలకూ ఉన్న తేడా ఎరిగిన రాయచూరు, నాందేడు వైపు శ్రోతలకు ఇది ఇట్టే అర్థమవుతుంది. సుల్తాను తన బంధువులకూ ఉద్యోగులకూ జీతానికి బదులు భూములు ఇచ్చేవాడు. వాటిని 'లుంగుహ్' అనేవారు, ఇంచుమించు మన జాగీరు. జాగీర్దారు నగరంలో ఉండేవాడు. పల్లెలో వసూలుకు 'బెకెల్' అనే గుత్తదారును పెట్టేవాడు. పంటను ఐదు పాళ్ళు చేస్తే రెండు జాగీర్దారుకు, ఒకటి బెకెల్‌కు, మిగిలిన రెండు దున్నినవాడికి. ఇది గాక వెట్టి ఉండనే ఉంది. దున్నినవాడికి భూమి మీద హక్కు లేదు. బెకెల్ మారితే రైతూ మారవచ్చు.

మైదానంలో మాగాణి ఊళ్ళను జాగీర్దార్లు చెరుకు, నీలిమందు కంపెనీలకు గుత్తకిచ్చారు. రైతు తన చేలోనే కంపెనీ కూలీ అయ్యాడు. గునుంగ్ కిదుల్‌లో చెరుకు పండదు. నీరు లేకపోవడం వల్ల ఆ ప్రాంతం పేదదైంది. నీరు లేకపోవడం వల్లనే కంపెనీల కన్ను పడకుండా బతికింది కూడా. ఈ రెంటిలో ఏది మేలో ఆ రోజుల్లో అక్కడ బతికినవారే చెప్పాలి. అడవి మాత్రం మిగలలేదు. కొండల మీది టేకును నరికించి, ఆ నేలను ప్రభుత్వపు అడవిగా గీతగీశారు. ఇరవయ్యో శతాబ్ది మధ్యకు ఆ గుట్టలు బోడిగుండ్లయ్యాయి.

1918లో పెద్ద మార్పు వచ్చింది. జాగీర్లు రద్దు చేశారు. రాజ్యమంతటా నేల సుల్తానుదేనని, వేరెవరికైనా డచ్చి చట్టం ప్రకారం పూర్తి యాజమాన్య పత్రం ఉంటే తప్ప అది రాజకోట సొత్తేనని శాసనం చేస్తూనే, పల్లెలను కొత్తగా ఏర్పరచి, దున్నేవారికి వంశపారంపర్య అనుభవ హక్కు ఇచ్చారు. ఊరి నేలలో కొంత భాగాన్ని మూడు పనులకు విడిగా ఉంచారు. ఊరి ఉద్యోగులకు జీతం కింద కొంత, పని మానుకున్న ముసలి ఉద్యోగులకు పింఛను కింద కొంత, ఊరి ఖర్చులకు ఖజానా భూమిగా కొంత. మన కరణం, మునసబు ఈనాములు గుర్తొస్తున్నాయి కదా. తేడా ఏమిటంటే మన దగ్గర ఆ ఈనాములు ఆ వంశంలోనే ఉండిపోయేవి. అక్కడ పదవి దిగితే భూమి దిగిపోవాలి. అందుకే ఈనాటికీ అక్కడి ఊరిపెద్ద ఎన్నిక అంటే భూమి కోసం జరిగే ఎన్నిక కూడా.

1918 తరువాత పల్లెలో అందరూ సమానమయ్యారనుకుంటే పొరపాటు. చేను, ఇంటిస్థలం రెండూ ఉన్నవాడు 'కులి కెంచెంగ్'. శిస్తు అతనిది, వెట్టి అతనిది, ఊరి సభలో మాట కూడా అతనిదే. చేను ఉండి ఇంటిస్థలం లేనివాడు 'కులి గుండుల్', అంటే బోడివాడు. ఇంటిస్థలం మాత్రమే ఉన్నవాడిది ఇంకో మెట్టు. ఏమీ లేక పరాయివారి పెరట్లో పాక వేసుకున్నవాడు 'ఇందుంగ్'. పాకకు అద్దె ఉండదు, పిలిచినప్పుడు పనికి వెళ్ళాలి. 1946 ప్రాంతంలో తొమ్మిదవ హమెంగ్కుబువొనొ సుల్తాను ఊరిపెద్ద ఎన్నికలో ఈ మెట్లు తీసేసి వయోజనులందరికీ ఓటు ఇచ్చేదాకా ఇందుంగ్‌కు ఊళ్ళో నోరు లేదు. 1945లో ఇండోనేషియా స్వతంత్రం ప్రకటించుకోగానే తన రాజ్యాన్ని రిపబ్లిక్‌లో చేర్చిన సుల్తాను ఈయనే. ఎంతో మంది రాజులు చరిత్రలో కలిసిపోగా యోగ్యకర్త సుల్తాను ఈనాటికీ ఆ ప్రాంతానికి గవర్నరుగా ఉండడం వెనక ఉన్న కారణం అదే.

1954లో ప్రాంతీయ శాసనం ఒకటి అనుభవ హక్కును వంశపారంపర్య సొంత హక్కుగా గుర్తించింది. 1960 సెప్టెంబరు 24న దేశమంతటికీ వ్యవసాయ భూముల మూలచట్టం వచ్చింది. ఆ రోజును అక్కడ రైతు దినంగా జరుపుకుంటారు. ఆ చట్టం ప్రకారం పూర్తి సొంత హక్కు ఇండోనేషియా పౌరులకే. విదేశీయుడికి వారసత్వంగా వచ్చినా ఏడాదిలోగా వదులుకోవాలి. అదే కాలంలో భూపరిమితి కూడా పెట్టారు. జనం కిక్కిరిసిన చోట మాగాణి 5 హెక్టార్లు, మెట్ట 6 హెక్టార్లు మించరాదు. వేరే మండలంలో కాపురముండేవాడు వ్యవసాయ భూమి ఉంచుకోరాదు. శాసనం బాగుంది. అమలు నత్తనడక నడిచింది. 1963 నుంచి రైతు సంఘాలు తామే భూములు ఆక్రమించడం, అవతలివారు ఎదురు తిరగడం జరిగింది. 1965 అక్టోబరు తరువాత దేశమంతటా కమ్యూనిస్టులన్న ముద్రతో లక్షలాది మందిని చంపారు. గునుంగ్ కిదుల్‌లో లువెంగ్ గ్రుబుగ్ అనే లోతైన సున్నపురాతి బిలం ఉంది. నేడు యాత్రికులు తాళ్ళు కట్టుకుని అందులోకి దిగి, పైనుంచి పడే వెలుగును ఫొటోలు తీసుకుంటారు. ఊరి పెద్దలకు అది ఆనాటి హత్యల జ్ఞాపకం. ఆ తరువాత చాలా ఏళ్ళు భూపరిమితి అన్న మాట ఎత్తడానికే జనం జంకేవారు.

ఆ దశకమే గునుంగ్ కిదుల్‌కు అన్నింటికంటె గడ్డుకాలం. ఆ మొదటి సంవత్సరాల్లో కర్రపెండలం పిప్పిని కూడా తిన్న కరువును 'గాబెర్ కాలం' అని ఇప్పటికీ చెప్పుకుంటారు. జనం వలస పట్టారు. ప్రభుత్వం సుమత్రా మొదలైన ద్వీపాలకు కుటుంబాలను పంపింది. ఈ పని 1905లోనే డచ్చివారు మొదలుపెట్టారు. మధ్యజావాలోని కెదు ప్రాంతంనుంచి 155 కుటుంబాలను లాంపుంగ్‌కు పంపితే, వారు అక్కడి కొత్త ఊరికి తమ పాత ఊరి పేరు బగెలెన్ అనే పెట్టుకున్నారు. ఊరు వదిలినవాడు పేరునైనా వెంట తీసుకుపోతాడు. మన తెలుగువారు మాత్రం అలా చెయ్యలేదా? స్వతంత్రం వచ్చాక ఒక్కొక్క కుటుంబానికి సాధారణంగా రెండు హెక్టార్లు ఇచ్చేవారు. అర హెక్టారు కూడా లేని జావా రైతుకు అది సామ్రాజ్యమే, కాని ఆ అడవినేలకు వరి అలవాటు లేదు. పొరుగు జిల్లా వొనోగిరిలో గజ ముంగ్కుర్ ఆనకట్ట కోసం 1970లలో ఊళ్ళకు ఊళ్ళనే పెళ్ళగించి పశ్చిమ సుమత్రాలోని సితియుంగ్‌కు తరలించారు. తుంగభద్ర, శ్రీశైలం ముంపు గ్రామాలవారికి ఈ మాట వివరించనక్కరలేదు.

వెళ్ళనివారు ఏం చేశారు? చెట్లు నాటారు. గునుంగ్ కిదుల్ చరిత్రలో నాకు అన్నింటికంటె నచ్చిన ఘట్టం ఇది. 1960లలో గజమద విశ్వవిద్యాలయపు అటవీశాస్త్ర ఆచార్యురాలు ఊమి హానిన్ సుసేనో 'వనగామ' అనే చోట బోడిరాతి మీద అడవిని మొలిపించడం మొదలుపెట్టారు. ఆ తోట తరువాత సుమారు 600 హెక్టార్లకు పెరిగింది. 1970లలో ప్రభుత్వ వనీకరణ పథకాలు మొక్కలు ఇచ్చాయి. రైతులు చేను గట్ల మీద, పెరట్లో, పంటకు పనికిరాని రాతి వాలుల్లో టేకు, మహాగని నాటుకున్నారు. ప్రభుత్వ అడవిలో చెట్టు ప్రభుత్వానిది. ఈ చెట్టు మాత్రం నాటినవాడిది. ఇప్పుడు విమానంలోంచి చూస్తే ఆ జిల్లాలో చాలాభాగం పచ్చగా కనిపిస్తుంది. కలప వ్యాపారి లెక్కలో టేకు ముదిరాక నరకాలి. గునుంగ్ కిదుల్ రైతు లెక్క వేరు. పిల్లకు పెళ్ళయినా, పిల్లవాడికి బడి ఫీజైనా, ఇంట్లో జబ్బయినా ఒక చెట్టు కొడతాడు. దీన్ని 'తెబంగ్ బుతుహ్', అవసరానికి నరుకుడు అంటారు. ముదరకముందే అమ్ముకుని నష్టపోతున్నాడని అటవీ నిపుణులు వాపోతారు. బ్యాంకు గుమాస్తా ముందు నిలబడకుండా, వడ్డీ కట్టకుండా, పొద్దున అనుకుంటే సాయంత్రానికి చేతికొచ్చే సొమ్ము మరి ఏ ఖాతాలో ఉంటుందో నిపుణులే చెప్పాలి.

చెట్టు తరువాత ఆవు. ఎండాకాలంలో గడ్డి దొరకనప్పుడు ఒక ఆవును అమ్మి మిగతా ఆవులకు గడ్డి కొంటారు. 'ఆవు ఆవును తింటోంది' అని అక్కడి సామెత.

వారసత్వం సంగతి కొంచెం చెప్పాలి. జావాలో ఆడపిల్లకూ భూమిలో భాగం ఉంది, అది ఇవాళ్టిది కాదు, తరతరాల ఆచారం. ఒక పద్ధతిలో మగవాడిది కావడి, ఆడదానిది వీపుమీది గంప. కావడికి రెండు గంపలు కాబట్టి అతనికి రెండు పాళ్ళు, ఆమెకు ఒకటి. చాలా కుటుంబాల్లో ఇద్దరికీ సమంగానే పంచుతారు. న్యాయం బాగుంది, నేల మాత్రం పెరగదు. పంచిన కొద్దీ ముక్కలవుతుంది. దేశం మొత్తం మీద 2003లో 3 కోట్ల 12 లక్షలున్న వ్యవసాయ కుటుంబాలు 2013 నాటికి 2 కోట్ల 61 లక్షలకు తగ్గాయి. ఉన్నవారిలో సగానికి మించి అర హెక్టారు లోపువారే. అర హెక్టారు అంటే ఎకరం పాతిక సెంట్లకు దగ్గర.

ఇక పత్రాల సంగతి. ఊరి కచేరీలో 'లెటర్ సి' అనే పుస్తకం ఉంటుంది. ఎవరి పేరున ఎంత నేల, ఎంత శిస్తు అన్నది అందులో రాసి ఉంటుంది. మన అడంగల్ వంటిది. పల్లెలో భూమి అమ్మకాలూ పంపకాలూ ఆ పుస్తకం, ఊరిపెద్ద సంతకం, ఇరుగుపొరుగు సాక్ష్యం మీదనే నడిచాయి. కాని చట్టం దృష్టిలో అది పన్ను లెక్కే, యాజమాన్యానికి రుజువు కాదు. అసలు రుజువు భూశాఖ ఇచ్చే సర్టిఫికెట్టు. యోగ్యకర్తలో 1960 నాటి మూలచట్టం పూర్తిగా అమలుకు వచ్చిందే 1984లో. దేశంలో మొత్తం 12 కోట్ల 60 లక్షల కమతాలుంటే 2015 ప్రాంతానికి 4 కోట్ల 60 లక్షలకే సర్టిఫికెట్లున్నాయని అధ్యక్షుడు జోకో విడోడో తరచు చెప్పేవారు. ఇదే వేగంతో పోతే 160 ఏళ్ళు పడుతుందని కూడా ఆయనే అన్నారు. 2017 నుంచి ఊరూరా వరసగా కొలిచి నమోదుచేసే పథకం ఊపందుకుంది. 2024 నాటికి నమోదైన కమతాలు 11 కోట్లు దాటాయి.

సర్టిఫికెట్టు చేతికొచ్చిన రైతు మొదట వెళ్ళేది బ్యాంకు రాక్యత్ ఇండోనేషియా శాఖకు. అప్పు సులువవుతుంది. దానితోపాటు అమ్మకమూ సులువవుతుంది. లెటర్ సి రోజుల్లో బయటివాడు కొనాలంటే ఊరందరికీ తెలిసేది. పక్కచేను వాడు అడ్డం పడేవాడు, అన్నదమ్ములు అలిగేవారు. ఆ అలకే ఒక కంచె. ఇప్పుడు జకార్తాలో ఉన్న తమ్ముడి వాటాను అక్కడే కూర్చుని అమ్మేయవచ్చు. దక్షిణ సముద్రతీరం వెంట కొత్త రహదారి వచ్చింది. బారోన్, క్రకాల్ సముద్రపు ఒడ్డులకు సెలవు రోజుల్లో బస్సులు బారులు తీరుతున్నాయి. మేకలు కూడా మేయని రాళ్ళగుట్ట అని తాతలు వదిలేసిన చోట కాఫీ హోటళ్ళు లేస్తున్నాయి. దానితో ఒడ్డున ఉన్న నేల ఎవరిది అన్న పాత ప్రశ్న మళ్ళీ లేచింది. 2012లో ప్రత్యేక ప్రాంత చట్టం సుల్తాను సంస్థానానికి భూమిని సొంతం చేసుకునే హక్కును తిరిగి గుర్తించింది. 1918 నాటి రాజకోట భూముల జాబితాలు అటకమీంచి దిగాయి. వాతు కోడోక్ తీరంలో చిన్న దుకాణాలు పెట్టుకున్న ఊరివారికీ, సుల్తాను భూమిని గుత్తకు తీసుకున్నామన్న పెట్టుబడిదారుకూ 2013 తరువాత తగాదా నడిచింది. ఊరివారి చేతిలో కాగితం లేదు, తాము శుభ్రం చేసుకున్న నేల, నాటిన చెట్లు మాత్రం ఉన్నాయి.

అందరూ తీరం దగ్గర లేరు. లోపలి గుట్టల మధ్య పల్లెల్లో భూమి ధర అంతగా పెరగలేదు. అక్కడి సమస్య కొనేవాడు కాదు, దున్నేవాడు. కుర్రకారు జకార్తాలో, బందుంగ్‌లో మాంసపు ఉండల పులుసు బండ్లు తోస్తున్నారు, ఫ్యాక్టరీల్లో పని చేస్తున్నారు. చేలో కనిపించేది యాభై దాటినవారే. 2015 నుంచి కేంద్రం ప్రతి పల్లెకూ నేరుగా నిధులు పంపుతోంది కాబట్టి సిమెంటు రోడ్డు, నీటి గొట్టం వచ్చాయి. పొదుపు పదిలంగా ఉంటే కుర్రవాళ్ళు తమ ఊళ్ళోనే పెంకుటిల్లు, పలకల నేల, ఇనుప గేటు కట్టిస్తారు. ఏడాదిలో పదకొండు నెలలు ఆ ఇంట్లో ముసలి తల్లిదండ్రులు ఒక గదిలోనే ఉంటారు.

రంజాను పండుగకు మాత్రం అందరూ వస్తారు. వొనోసారి బస్సుస్టాండు కిటకిటలాడుతుంది. పెద్దలకు మొక్కడం, సమాధుల దగ్గర పూలు చల్లడం అయ్యాక, భూమి మాట వచ్చేది ఆ నాలుగు రోజుల్లోనే. హద్దులు ఇరుగుపొరుగు ఒప్పుకోవాలి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు సంతకాలు పెట్టాలి. వాళ్ళందరూ ఒకచోట దొరికేది అప్పుడే. 2023 ఫిబ్రవరిలో ప్రభుత్వం దేశమంతటా ఒకేరోజు పది లక్షల హద్దుకొయ్యలు పాతించింది. గునుంగ్ కిదుల్‌లో చాలా చేలకు అంతకుముందే హద్దులున్నాయి. గట్టు మీద తాతలు నాటిన టేకుచెట్లే ఆ హద్దులు. ఆ చెట్టు ఏ అన్నదమ్ముడి వాటాలోకి వస్తుందన్నది తేలితేగాని కొలతగాడు గొలుసు లాగడు.